ఎందుకట్ల అక్కా?

తాండూరు బండ మీద నిమ్మరసం పడితే మచ్చ పడుతుందని మా వైపు ప్రతి ఇంట్లోనూ తెలుసు. నిమ్మకాయ కోసేటప్పుడు కింద పళ్లెం పెట్టుకోమనీ, చింతపులుసు ఒలికితే వెంటనే తుడవమనీ పెద్దవాళ్లు కేకలేస్తూనే ఉంటారు. ఆ మచ్చ ఎందుకు పడుతుందో మూడో తరగతి పిల్లవాడొకడు గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే ఈమధ్య బంట్వారం మండలంలోని ఒక ఊరి బడిలో విన్నాను. వాడికి ఆ సంగతి నేర్పింది తొమ్మిదో తరగతి చదివే అక్క. నేర్పి పట్టుమని పావుగంట కూడా కాలేదు.

అప్పటి నుంచి నాకు ఇదే ధ్యాస. బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయనకు చెప్పాను, కిరాణా కొట్టు దగ్గర నిలబడి చెప్పాను, ఇప్పుడు మీకు చెబుతున్నాను. పెద్ద పిల్లలు చిన్న పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, వాళ్ల చేతులతోనే చేయిస్తూ సైన్స్ చెప్పడం మీరెప్పుడైనా దగ్గర కూర్చుని చూశారా? ఇన్నేళ్లూ ఎన్ని బళ్లు చూశానో, ఎన్ని వార్షికోత్సవాలకు వెళ్లానో! ఇంత ఆనందం ఏ బడి వరండాలోనూ చూడలేదు.

ఏర్పాటు చాలా చిన్నది. హైస్కూలూ ప్రైమరీ బడీ ఒకే ప్రహరీలో ఉన్నాయి. శనివారం మధ్యాహ్న భోజనం అయ్యాక పెద్ద తరగతుల పిల్లలు ఇద్దరిద్దరు చొప్పున ప్రైమరీ వైపు నడుస్తారు. చేతిలో ఒక అట్టపెట్టె ఉంటుంది. నేను అక్కడికి వెళ్లింది సైన్స్ సారును పలకరించడానికి. వరండా దాటకుండానే ఆగిపోయాను.

ఆ రోజు పెట్టెలో కోసిన నిమ్మకాయ చెక్కలు, ఒక మేకు, మూడు రాళ్లు ఉన్నాయి. ఒకటి పాలిషింగ్ యూనిట్ బయట పారేసిన నాపరాయి ముక్క, అంటే మన తాండూరు బండే. ఇంకొకటి గుట్ట మీది ఎర్రరాయి. మూడోది చేను గట్టున దొరికిన నల్లరాయి. అక్క వాటి గురించి ఏమీ చెప్పలేదు. మేకు ఒక పిల్లవాడి చేతికిచ్చి "గీకు తమ్మీ, పొడి రావాలె" అంది. మూడింటి మీదా గీకించింది. పొడి మీద ఒక్కో చుక్క నిమ్మరసం వాడితోనే వేయించింది. ఎర్రరాయి మీద చుక్క అట్లాగే నిలబడింది. నల్లరాయి మీదా అంతే. నాపరాయి మీద పడ్డ చుక్క మాత్రం సన్నని బుడగలు తేలుస్తూ నురగ కట్టింది. "చెవి పెట్టి విను" అంది అక్క. వాడు బోర్లా పడుకుని రాయికి చెవి ఆనించాడు. "అక్కా, గిది మాట్లాడుతుంది!" అని అరిచాడు. అంతే, తరగతి మొత్తం నేల మీద ఉంది. అందరికీ రాయి కావాలి, అందరికీ మేకు కావాలి.

అప్పుడు చెప్పింది ఆ అమ్మాయి. గోలీసోడా కొట్టగానే పైకి ఎగదన్నే గ్యాసూ, ఈ బుడగల్లో ఉన్నదీ ఒకటేననీ, దాని పేరు కార్బన్ డయాక్సైడ్ అనీ, నాపరాయిలో అది సున్నంతో కలిసి గట్టిగా బిగుసుకుని ఉంటుందనీ, పులుపు తగిలితే విడిపోయి బయటికి వస్తుందనీ. ఇంట్లో బండ మీద నిమ్మరసం మచ్చ పెట్టిందంటే అక్కడ రాయి కొంచెం కరిగిపోయిందన్న మాట. ముందు బుడగలు వచ్చాయి, మాట తర్వాత వచ్చింది. నేను చదువుకున్నప్పుడు ఈ వరస తలకిందులుగా ఉండేది. మొదట నిర్వచనం, తర్వాత సమీకరణం, కుదిరితే ఏడాది చివర్లో ప్రయోగం, అదీ సారు టేబుల్ మీద, మేము దూరంగా బెంచీల్లో.

ఒక జడల పిల్ల చెయ్యెత్తలేదు, లేచి నిలబడలేదు. కూర్చున్న చోటి నుంచే అడిగింది. "వాన నీళ్లకు గూడ గిట్లనే అయితదా అక్కా? మా ఇల్లు కరిగిపోతదా?"

అక్కకు తెలియదు. ఆ సంగతి దాచుకోనూ లేదు. "నాకు తెల్వదు. సారును అడిగి వచ్చే శనివారం చెప్త" అని నోట్‌బుక్ తీసి ప్రశ్న రాసుకుంది.

ఆ పిల్ల ఏమి అడిగిందో ఒక్కసారి ఆలోచించండి. వాన చినుకు గాలిలోంచి వస్తూ వస్తూ కొంత కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుంటుంది. దానికి అతి సన్నని పులుపు వస్తుంది. ఆ పులుపుకు సున్నపురాయి కరుగుతుంది, కాకపోతే మన ఆయుష్షుకు అందనంత నెమ్మదిగా. లక్షల ఏళ్లు అట్లా కరిగి కరిగి రాయలసీమలో బెలుం గుహలయ్యాయి, తూర్పు కనుమల్లో బొర్రా గుహలయ్యాయి. తాండూరు బండ మాత్రం ఎక్కడిది? కర్ణాటకలోని శహాబాదు నుంచి మన తాండూరు దాకా ఈ రాయంతా కోట్లాది ఏళ్ల కిందట ఇక్కడ ఉన్న ఒక లోతులేని సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని భీమా బేసిన్ అంటారు. సిమెంటు ఫ్యాక్టరీలు వెతుక్కుంటూ తాండూరుకు వచ్చింది ఈ సున్నం కోసమే. మూడో తరగతి పిల్ల తన ఇంటి నేల గురించి బెంగపడి అడిగిన ఒక్క మాటకు ఇంత పెద్ద జవాబు ఉంది. ఆ మాట సారును అడిగేదా? నాకు నమ్మకం లేదు. సారు ఎంత మంచివాడైనా, ఆ వయసు పిల్లలకు సారు ఎదుట తప్పు మాట్లాడతామేమోనన్న బిడియం ఉంటుంది. అక్క దగ్గర అది ఉండదు. అక్క నిన్న తనతో పాటే కుళాయి దగ్గర నిలబడింది. పండక్కి ఇద్దరూ కలిసి బతుకమ్మ ఆడారు. పైగా అక్క ఈ పాఠం దాటి ఎన్నో ఏళ్లు కాలేదు గనుక ఎక్కడ తికమక పడతారో ఆమెకు బాగా గుర్తు. పెద్దవాళ్లమైన మనకు ఆ తికమక ఎప్పుడో మరుపున పడిపోయింది.

ఆగలేక తర్వాతి శనివారం కూడా వెళ్లాను. వెళ్లినందుకు నాకు దొరికింది మామూలు సంగతి కాదు.

ఆ రోజు కొవ్వొత్తి ప్రయోగం. పళ్లెంలో కొంచెం రంగునీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించి, దాని మీద గాజు గ్లాసు బోర్లిస్తారు. కాసేపటికి మంట ఆరిపోతుంది, గ్లాసులోకి నీళ్లు ఎక్కుతాయి. ఇది తరతరాలుగా బళ్లలో చేస్తున్నదే. జవాబూ అందరికీ కంఠతా వచ్చు. గ్లాసులో ఉన్న ఆక్సిజన్ మండి అయిపోయింది, గాలిలో ఆక్సిజన్ దాదాపు ఐదో వంతు, అందుకే నీళ్లు ఐదో వంతు ఎక్కాయి. పదో తరగతి అన్న కూడా బల్లగుద్దినట్టు అదే చెప్పాడు. పిల్లలు తలలూపారు. నాలుగో తరగతి పిల్ల ఒకతె మాత్రం తల ఊపలేదు. పళ్లేనికి ముక్కు ఆనేంత దగ్గరగా కూర్చుని ఉంది.

"అన్నా, మంట మండేటప్పుడే గద ఆక్సిజన్ అయిపోవాలె. మరి నీళ్లు మంట ఆరినంక ఎందుకు ఎక్కినయి?"

అన్న నోట మాట లేదు. మళ్లీ చేశారు. ఈసారి అందరూ ముక్కులు ఆనించి చూశారు. నిజమే. మండుతున్నంతసేపూ నీళ్లు పెద్దగా కదల్లేదు. పైగా గ్లాసు బోర్లించిన మొదట్లో అంచు కింద నుంచి రెండు మూడు బుడగలు బయటికి పోయాయి. మంట మిణుకుమని ఆరగానే నీళ్లు గబగబా పైకి లేచాయి. ఆక్సిజన్ ఖర్చవడమే కారణమైతే మంట మండుతుండగానే కొద్దికొద్దిగా ఎక్కాలి గదా!

సారు వెనుక గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. ఆయనకు జవాబు తెలుసని మొహం చూస్తేనే తెలుస్తోంది. చెప్పలేదు. "మరి ఎట్ల తేలుద్దాం?" అని మాత్రం అన్నారు. ఆ నిగ్రహానికి ఆయనకు నమస్కారం పెట్టాలనిపించింది. పిల్లలు గుసగుసలు మొదలుపెట్టారు. ఆఖరికి ఆ పదో తరగతి అబ్బాయే అన్నాడు. "మూడు కొవ్వొత్తులు పెడదాం సార్. గ్లాసు అదే, అందులో ఉండే ఆక్సిజన్ అంతే. ఆక్సిజన్ వల్లనే అయితే నీళ్లు అంతే ఎక్కాలె."

గ్లాసుకు మొదటిసారి నీళ్లు ఎక్కిన చోట రబ్బర్‌బ్యాండ్ చుట్టారు. మూడు కొవ్వొత్తులు వెలిగించి అదే గ్లాసు బోర్లించారు. బుడగలు ఈసారి బాగా పోయాయి. మంటలు ఆరాయి. నీళ్లు రబ్బర్‌బ్యాండ్‌ను దాటి చాలా పైకి పోయి ఆగాయి. ఆ వరండాలో లేచిన కేకలు రోడ్డు మీద పోయేవాళ్లకు వినిపించి ఉంటాయి.

మంట వేడికి గ్లాసులోని గాలి వ్యాకోచించి, కొంత అంచు కింద నుంచి బయటికి పోతుంది. ఆ బుడగలు అవే. మంట ఆరాక మిగిలిన గాలి చల్లారి ముడుచుకుంటుంది. బయటి గాలి ఒత్తిడి పళ్లెంలోని నీళ్లను లోపలికి నెడుతుంది. మంటలు ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ వేడి, అంత ఎక్కువ గాలి బయటికి, తర్వాత అంత ఎక్కువ నీళ్లు లోపలికి. ఆక్సిజన్ తగ్గడం వల్లా కొంత ఉంటుంది, కానీ ప్రధానమైన కారణం వేడి. అసలు కొవ్వొత్తి ఆరిపోయేసరికి గ్లాసులో ఆక్సిజన్ పూర్తిగా అయిపోదు, చాలా భాగం మిగిలే ఉంటుంది. ఇవన్నీ సారు తర్వాత విడమరిచి చెప్పారు. చెబుతుండగానే ఒకడు అందుకున్నాడు. వాళ్లమ్మ వేడి గిన్నె మీద మూత పెట్టి మరిచిపోతే చల్లారాక ఆ మూత ఎంత లాగినా ఊడి రాదట, గిదే గద సార్ అని. సారు వాడి వీపు తట్టారు.

1860 డిసెంబరులో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే పిల్లలను కూర్చోబెట్టుకుని ఒక్క కొవ్వొత్తి మీద ఆరు ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. పెద్ద చదువులు లేక పుస్తకాలకు అట్టలు కుట్టే దుకాణంలో పనికి కుదిరి, ఆ అట్టల మధ్య కాగితాలు చదివి శాస్త్రవేత్త అయినవాడు. కొవ్వొత్తిని మించి ప్రకృతిలోకి తెరుచుకునే తలుపు లేదని ఆయన ఎందుకు అనుకున్నాడో ఆ రోజు ఆ వరండాలో నాకు పూర్తిగా అర్థమైంది.

నన్ను నిద్రపోనివ్వనిది మరో సంగతి. పుస్తకంలో పాతుకుపోయిన జవాబును ఆ మధ్యాహ్నం కదిలించింది నాలుగో తరగతి పిల్ల. దాన్ని ఎట్లా పరీక్షించాలో కనిపెట్టింది ఆ తప్పు జవాబు చెప్పిన అబ్బాయే. చిన్నపిల్లకు ఎదురుగా అన్న ఉన్నాడు గనుక అడగగలిగింది. అన్నకు ఎదురుగా చిన్నపిల్ల ఉంది గనుక ఆలోచించక తప్పలేదు. పరీక్షలో అయితే వాడు ఆక్సిజన్ అని రాసి రెండు మార్కులు తెచ్చుకుని జీవితాంతం అదే నమ్మేవాడు.

ఇది ఎవరి ఆలోచన, ఎక్కడ పుట్టింది అని ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశాను. అక్కడ ఇంకో ఆశ్చర్యం కాచుకుని ఉంది. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పడం మన వీధి బడుల్లో పాత పద్ధతే! 1789లో ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతాచార్యుడు మద్రాసు ఎగ్మూరులో సైనికుల పిల్లల అనాథాశ్రమం చూసుకోవడానికి కుదిరాడు. ఒక ఉదయం గుర్రం మీద పోతూ ఒక వీధి బడిలో పిల్లలు ఇసుకలో వేళ్లతో అక్షరాలు దిద్దుతుండగా చూశాడు. తన ఆశ్రమంలో అట్లా నేర్పమంటే అక్కడి ఉపాధ్యాయులు కుదరదన్నారు. అప్పుడాయన జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల కుర్రాడిని పిలిచి, చిన్నవాళ్లకు ఇసుకలో అక్షరాలు దిద్దించే పని అప్పగించాడు. వాడు నేర్పేశాడు. బెల్ ఇంగ్లండుకు తిరిగి వెళ్లి 1797లో ఈ ప్రయోగం మీద పుస్తకం అచ్చువేశాడు. మద్రాసు పద్ధతి అన్న పేరుతో అది ఆ దేశమంతా పాకింది.

తెలుగు బడుల సాక్ష్యమూ ఉంది. తెలుగుకు వ్యాకరణం రాసిన ఎ.డి. క్యాంప్‌బెల్ బళ్లారి కలెక్టరుగా 1823లో తన జిల్లా బడుల మీద నివేదిక పంపాడు. అప్పటి ఆ జిల్లాలో 533 బడులు, అందులో 226 తెలుగు బడులు. ముందు నేర్చినవాళ్లు వెనుకబడ్డవాళ్లకు నేర్పుతూ తమ చదువునూ గట్టి చేసుకునే ఈ ఏర్పాటు మెచ్చుకోదగినదని, ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబేనని ఆయన రాశాడు. అదే నివేదికలో పిల్లలు అర్థం తెలియకుండా పద్యాలు వల్లెవేస్తున్నారని బాధపడ్డాడు కూడా. నాకు కంట నీరు తెప్పించిన అంకె ఇంకొకటి ఉంది. ఆ బడుల్లో మొత్తం పిల్లలు 6,641 మంది. వాళ్లలో ఆడపిల్లలు 60 మంది. మేకు చేతికిచ్చి "గీకు తమ్మీ" అన్న అమ్మాయిని చూసి వచ్చినవాడిని, ఆ అరవై దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పాత వీధి బడి నుంచి మనం తీసుకోవలసింది పెద్దవాళ్లు చిన్నవాళ్లకు చెప్పే ఆ చనువును మాత్రమే. ఎవరిని గడప దాటనిచ్చిందో, ఎవరిని దాటనివ్వలేదో, వల్లెవేయించడం, బెత్తం, అవన్నీ అక్కడే ఉండనివ్వాలి.

ఇంగ్లండు దాన్ని ఏం చేసిందో కూడా చెప్పాలి. జోసెఫ్ లాంకాస్టర్ లాంటివాళ్ల చేతిలో అది ఒక్క మాస్టరుతో వందల మందిని నడిపే చవక ఏర్పాటైంది. పెద్ద పిల్లలు వరసల ముందు నిలబడి చెప్పిందే చెప్పించారు, అప్పజెప్పించుకున్నారు. జవాబులు మోసే పిల్లలు తయారయ్యారు. నేను బంట్వారం వైపు చూసింది దానికి పూర్తిగా వేరు. ఇక్కడ పెద్ద పిల్లల చేతిలో రాయి ఉంది, నిమ్మకాయ ఉంది. చిన్నపిల్ల ఎదురు తిరిగి అడగడానికి ఆ రాయే ధైర్యం ఇస్తోంది. కంటికి కనిపించేదాన్ని అన్న కాదంటే ఒప్పుకోనక్కర్లేదు గదా.

మన తెలుగు నేల మీదే దీన్ని పెద్ద ఎత్తున నడిపిస్తున్నవాళ్లున్నారని తెలిశాక నా సంతోషం ఇంతా అంతా కాదు. చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర, మూడు రాష్ట్రాల సరిహద్దులో, అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ వాళ్ల 172 ఎకరాల ఆవరణ ఉంది. విదేశాల్లో బ్యాంకు ఉద్యోగం వదిలి వచ్చిన రామ్‌జీ రాఘవన్ 1999లో మరికొందరితో కలిసి ఈ సంస్థ పెట్టారు. అణు శాస్త్రవేత్త పి.కె. అయ్యంగార్ ఆ తొలి బృందంలో ఉన్నారు. ఒకప్పటి రాళ్ల బీడు అది, ఇప్పుడు చెట్లు. అక్కడి నుంచి ప్రయోగాల సామాను నింపుకున్న వ్యాన్లు ఊళ్లకు వెళతాయి. వ్యాను పోలేని చోటికి మోటారు సైకిలు మీద పెట్టెలో వెళుతుంది. అన్నిటికంటే నన్ను కట్టిపడేసింది వాళ్ల యంగ్ ఇన్‌స్ట్రక్టర్ లీడర్ల పద్ధతి. ప్రభుత్వ బడుల పిల్లల్లోంచే కొందరికి శిక్షణ ఇచ్చి, వాళ్లతోనే తోటి పిల్లలకు, చిన్నవాళ్లకు ప్రయోగాలు చేయించి చూపిస్తారు. సైన్స్ మేళా పెడితే ప్రతి బల్ల వెనుకా నిలబడి వివరించేది పిల్లలే. పిల్లల్లో భయం పోయి ధైర్యం రావడం, చూసీ చూడనట్టు పోయే కన్ను నిలిచి గమనించడం, ఇవి ఆ సంస్థ తన లక్ష్యాలుగా చెప్పుకుంటుంది. మన దగ్గర జన విజ్ఞాన వేదిక కూడా ఏళ్ల తరబడి చెకుముకి పత్రికతో, బడుల్లో పోటీలతో సైన్స్‌ను పిల్లల దాకా తెచ్చింది. మహబూబ్‌నగర్ నుంచి శ్రీకాకుళం దాకా ఎందరు సైన్స్ టీచర్ల బల్ల మీద ఆ చెకుముకి ఉండేదో!

చిన్నవాళ్లకు లాభం సరే, పెద్ద పిల్లల చదువు పాడవదా అని ఒక తండ్రి నన్ను నిలదీశాడు. న్యాయమైన భయమే. పదో తరగతి అంటే ఇంట్లో అందరికీ గుండె దడ. కానీ చెప్పేవాడు చదివే తీరే వేరు. 2009లో అమెరికా స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఎనిమిదో తరగతి పిల్లలతో ఒక పరిశీలన చేశారు. కంప్యూటర్ తెర మీది ఒక బొమ్మ విద్యార్థికి మీరు పాఠం నేర్పాలని కొందరికి చెప్పారు, మీ కోసం మీరు చదువుకోండని మరికొందరికి చెప్పారు. బొమ్మకు నేర్పాల్సినవాళ్లు చదవడానికి ఎక్కువ సమయం పెట్టారు, ఎక్కువ నేర్చుకున్నారు. ఉత్త బొమ్మకే అంత శ్రద్ధ పుడితే, ముక్కు చీదుకుంటూ మోకాలి మీద చెయ్యేసి "ఎందుకట్ల అక్కా?" అని అడిగే తమ్ముడికి ఎంత పుట్టాలి! నాపరాయి చూపించిన ఆ అమ్మాయి నోట్‌బుక్ అడిగి తీసుకుని చూశాను. ఆమ్లాలు, క్షారాలు పాఠం ఆమె తన మాటల్లో తిరగరాసుకుంది. పక్కన ఖాళీ వదిలి, "వీళ్లు ఏమి అడుగుతరు?" అని రాసుకుంది. ఏ గైడ్‌లోనూ ఆ ఖాళీ ఉండదు.

ఇది టీచర్ల పని తగ్గించే ఏర్పాటని ఎవరైనా అనుకుంటే గట్టిగా కాదంటాను. పని పెరుగుతుంది. శుక్రవారం సాయంత్రం ఆ పెద్ద పిల్లలతో సారు ముందుగా ప్రయోగం చేయించి చూస్తారు. మంట ఉన్న ప్రతి ప్రయోగానికీ ఆయన అక్కడ ఉండి తీరతారు, పక్కన నీళ్ల బకెట్, ఇసుక. జుట్టు, చున్నీలు వెనక్కి కట్టుకోమంటారు. టీచర్ల ఖాళీలు నింపకుండా పిల్లలతో నడిపించేద్దామంటే అది లాంకాస్టర్ దారి, పిల్లలకు అన్యాయం. సారు ఉండాలి, గోడకు ఆనుకుని, నోరు కట్టుకుని, "ఎట్ల తేలుద్దాం?" అనడానికి.

ఖర్చు సంగతి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. నిమ్మకాయలు, కొవ్వొత్తులు, గాజు గ్లాసులు, ఖాళీ సీసాలు, బెలూన్లు, దారం, అయస్కాంతం ఒకటి. అరవింద్ గుప్తా ఏనాటి నుంచో అగ్గిపుల్లలతో, సైకిలు వాల్వ్ ట్యూబుతో, పారేసిన సామానుతో ఇంతకంటే ఎన్నో చేసి చూపిస్తున్నారు. 2018లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. మా వైపైతే సామాను ఇంకా దగ్గర, బడి గోడ దాటితే చాలు.

ఎందుకంటే గోడ అవతల కంది చేను ఉంది. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పప్పు రుచి గురించి మనం గంటలు మాట్లాడతాం గానీ ఆ మొక్క వేరు ఎప్పుడు చూశాం? ఇప్పుడు కంది మోకాలెత్తు ఉంది. పట్టుకుని లాగితే వేర్లు తెగి అసలు సంగతి మట్టిలోనే ఉండిపోతుంది. చుట్టూ పారతో తవ్వి, మట్టిగడ్డతో సహా లేపి, బకెట్ నీళ్లలో నెమ్మదిగా ముంచాలి. మట్టి కరిగాక వేర్లకు అంటుకున్న చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీల్చితే లోపల గులాబీ రంగు, రక్తం మరక లాంటి రంగు. పోలికకు అన్నది కాదు. లెగ్‌హిమోగ్లోబిన్ అనే ఆ పదార్థం మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టమే, రెండింటిలోనూ ఇనుము ఉంది. ఆ బుడిపెల్లో కాపురం ఉండే రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు పనికొచ్చేటట్టు మారుస్తుంది. ఆ పనిచేసే ఎంజైముకు ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది, కానీ బాక్టీరియా బతకడానికి ఆక్సిజన్ కావాలి. అందుకని ఈ ఎర్రని పదార్థం ఆక్సిజన్‌ను పట్టుకుని లెక్కగా, కొద్దికొద్దిగా అందిస్తుంది. కంది వేసిన చేను మరుసటేడు బలంగా ఉంటుందని మన తాతలకు తెలుసు. ఎందుకో ఈ గులాబీ రంగులో ఉంది.

కాయ పట్టడం మొదలైతే బుడిపెల్లో ఆ రంగు పోతుంది, పచ్చగానో గోధుమరంగుగానో మారి ఎండిపోతాయి. కాబట్టి దసరా సెలవుల లోపే చూడాలి. వికారాబాద్, పరిగి, తాండూరు వైపు ఏ ఊళ్లో ఉన్నవాళ్లయినా ఇప్పుడే మీ బడికి వెళ్లి హెడ్మాస్టరును అడగండి, శనివారం ఒక్క గంట పెద్ద పిల్లల్ని చిన్నపిల్లల దగ్గరికి పంపగలరా అని. చేను ఎవరిదో వాళ్లను ముందే అడిగి రెండు మొక్కలు తీసుకోండి, కాదనే రైతును నేనింకా చూడలేదు. మా బడిలో వచ్చే శనివారం కంది తవ్వుతున్నారు. బకెట్ బడిలోదే. పార నేను తీసుకెళ్తున్నాను.